వస విరిగిన చప్పుడు

పాలు మాడిన రోజే నాకు అనుమానం వచ్చింది.

నేను పెరట్లో దుప్పట్లు ఆరేస్తున్నాను. మూడో దుప్పటి తీగ మీద వేస్తుండగా మాడు వాసన గుప్పుమంది. పరిగెత్తుకుంటూ వంటగదిలోకి వస్తే ఏముంది, పాలు పొంగి పొయ్యంతా కారాయి, గిన్నె అడుగు నల్లబడి పొగలు కక్కుతోంది. పొయ్యికి రెండడుగుల దూరంలో మా అత్తయ్య పీట వేసుకుని, కిటికీ వైపు తిరిగి, తాపీగా ఎర్ర దారం ఉండ చుట్టుకుంటోంది.

ఇంకెవరైనా అయితే పరధ్యానం అనుకునేదాన్ని. మా అత్తయ్య సంగతి వేరు. వీధి చివర ఎవరింట్లో ఏం మాడినా మా గుమ్మంలో నిలబడి చెప్పేది. మా ఆయన నిజంగా స్నానం చేశాడో, నీళ్లు చల్లుకుని వచ్చాడో గది బయట నుంచే తేల్చేసేది. వస షెడ్డులో అందరూ ఆవిణ్ణి ముక్కు పెద్దమ్మ అనేవారు. చాటుగా కాదు, ముఖం మీదే. ఆవిడ దాన్ని బిరుదులా మోసేది.

"అత్తయ్యా, పాలు!"

ఆవిడ ఉలిక్కిపడి గిన్నె వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. దొరికిపోయిన మనిషి చూపు అది.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"ఏది ఎప్పట్నుంచి?"

"ముక్కు."

ఆవిడ దారం ఉండ ఒళ్లో పెట్టుకుంది. "చలికాలం చివర జ్వరం వచ్చింది చూడు, అప్పట్నుంచి. ఇవాళ తగ్గుతుంది, రేపు తగ్గుతుంది అనుకుంటూనే ఉన్నా. రెండు నెలలైంది. సబ్బు లేదు, పొగ లేదు, అన్నీ మంచినీళ్లలాగే ఉన్నాయి." గొంతు తగ్గించి, "వాడికి చెప్పకు," అంది. వాడంటే మా ఆయన. "ఎవరికైనా చెప్పావో, నీ నాలుక కోస్తా."

"నా నాలుక కోస్తే మీకు పొద్దెలా పోతుంది?"

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. మాడిన గిన్నె తీసుకెళ్లి తనే పెరట్లో తోముతూ కూర్చుంది.

ఆవిడ భయం ఊరికే కాదు. ఇంకో వారంలో సీజన్ మొదలవుతుంది. ఎండలు ముదిరి, చిత్తడి నేలల్లో నీళ్లు మోకాలి కిందికి దిగితే వస తవ్వే రోజులు వచ్చినట్టే. వసను ఎవరూ నాటరు, ఎవరూ నీళ్లు పోయరు. ఏటి పక్క బురదలో కత్తుల్లాంటి ఆకులతో గుంపులు గుంపులుగా దానంతట అదే పెరుగుతుంది. బురదలో అడ్డంగా పాకే దాని కొమ్ముకే విలువంతా. మా చుట్టుపక్కల వసకొమ్ము లేని ఇల్లు లేదు. ఉన్ని బట్టల పెట్టెలో ఒక ముక్క వేస్తే పురుగు చేరదంటారు. గింజల డబ్బాల్లోనూ వేస్తారు. గొంతు బొంగురుపోయిన పాటగాళ్లు, రోజంతా అరిచే వేలంపాటవాళ్లు చిన్న ముక్క బుగ్గన పెట్టుకుని తిరుగుతారు. మాటలు తొందరగా రావాలని పూర్వం అరగదీసి పసిపిల్లల నాలుకకు రాసేవారు. ఇప్పుడు నర్సులు వద్దంటున్నారు, మా అత్తయ్యదీ అదే మాట. "పిల్లలకొద్దమ్మా. కావాలంటే మా కోడల్ని చూడండి, దీనికి చిన్నప్పుడు ఎవరో చెంబుడు పోసుంటారు," అనేది అడిగినవాళ్లతో. నన్ను పేరు పెట్టి పిలవగా నేనెప్పుడూ వినలేదు. పెళ్లైన మూడో రోజు నుంచి ఆవిడకు నేను వసపిట్టనే.

తవ్విన వసంతా ఏటి ఒడ్డున రేకుల షెడ్డుకు చేరుతుంది. అక్కడ కడిగి, నూగు వేళ్లు గీకి, వేలెడు ముక్కలు కోసి, నీడన తీగ బల్లల మీద ఆరబెట్టి సంచులకెత్తుతారు. అన్నిటికీ చివర మా అత్తయ్య. గుమ్మం పక్క స్టూలు మీద కూర్చుని, సంచిలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, అడుగు నుంచి పిడికెడు తీసి, ఒక్కో ముక్కా విరిచి ముక్కు దగ్గర పెట్టుకునేది. బాగుంటే సంచి మూతికి ఎర్ర దారంతో ముడి వేసేది. ఆ ముడి ఇంకెవరికీ రాదు. ఎర్ర ముడి ఉన్న సంచిని మందుల కంపెనీ విప్పి చూడకుండానే తీసుకెళ్లేది. ముప్ఫై ఎనిమిదేళ్లుగా అదే తంతు.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, అదే బురదలో అలాంటి ఆకులతోనే ఇంకో మొక్క పెరుగుతుంది. మావాళ్లు దానికి దొంగవస అని పేరు పెట్టారు. పసుప్పచ్చగా పూసినప్పుడు దొరికిపోతుంది గానీ, పువ్వు లేని రోజుల్లో చెయ్యి తిరిగినవాళ్లు కూడా పొరబడతారు. అది కడుపులోకి పోతే వాంతులు, విరేచనాలు, ఆసుపత్రి. మా వసతో ఆ కంపెనీ గొంతు బిళ్లలు చేస్తుంది. ఒక్క సంచి తప్పు వెళ్లినా ఎవరో ఒకరు మంచాన పడతారు.

"ఈ ఏడు నా వల్ల కాదని చెప్పేయండి అత్తయ్యా," అన్నాను ఆ సాయంత్రం.

"చెప్పి?"

"హాయిగా ఇంట్లో ఉండండి."

"హాయిగా!" అంది ఆవిడ. "ఆ స్టూలు మీద కూర్చోకపోతే నేనెవర్నే? చెప్పు. ఎవర్ని?"

ఆవిడ ముఖం చూస్తే నాకు ఏడుపొచ్చింది, ఏడుపును మింగడానికి ఏదో ఒకటి మాట్లాడాలి కదా, "నా ముక్కు వాడుకోండి," అనేశాను.

అలా మొదలైంది మా దొంగాట. నన్ను సహాయానికి పెట్టుకున్నానని మేనేజరుకు చెప్పింది. ఎండైనా వానైనా చంకలో గొడుగు వదలడని ఆయన్ని అందరూ గొడుగాయన అనేవారు. సరే, జీతం అడగనంత కాలం ఎవర్నైనా పెట్టుకోమన్నాడు. నేను స్టూలు పక్కన నేల మీద కూర్చునేదాన్ని. అత్తయ్య ముక్క విరిచి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసి, తల పంకించి, విరిచిన ముక్కలు ఊడ్చేయమన్నట్టు నా ఒళ్లో పడేసేది. నేను ఏరుతున్నట్టు వంగి వాసన చూసేదాన్ని. బాగుంటే ఊరుకోవాలి. తేడా ఉంటే ఒక్కసారి దగ్గాలి. అంతే ఒప్పందం.

నోట్లో నువ్వుగింజ నానని నేను పన్నెండు రోజులు కుక్కిన పేనులా కూర్చున్నాను. ఆ పన్నెండు రోజుల్లో రెండు సంచులు పట్టుకున్నాం. రెండోది పట్టుకున్న రోజు ఇంటికి వెళ్తూ దారిలో అత్తయ్య నా భుజం మీద చెయ్యి వేసింది, మా పెళ్లైన రెండేళ్లలో మొదటిసారి.

పదమూడో రోజు నాకు జలుబు చేసింది.

తడి గచ్చు మీద కూర్చుంటే చెయ్యదా మరి! పొద్దున్నే గొంతులో గరగర. మొదటి సంచి బాగానే ఉంది, కానీ దగ్గొచ్చేసింది. అత్తయ్య ఆ సంచి తిప్పి పంపేసింది. రెండోదానికి ఊపిరి బిగబట్టాను, కళ్లల్లో నీళ్లు తిరిగాయి, చివరికి మొదటిదాని కంటే గట్టిగా దగ్గాను. అదీ పోయింది. మూడోది తెచ్చినవాళ్లు ముగ్గురన్నదమ్ములు, వాళ్ల తాత కాలం నుంచి వస తప్ప ఇంకోటి తవ్వనివాళ్లు.

"పెద్దమ్మా, ఇందులో తప్పేంటో చెప్పండి!" అన్నాడు పెద్దవాడు.

అత్తయ్య నా వైపు చూసింది. నేను కాదు కాదని తల అడ్డంగా ఊపుతూ, ఊపుతూనే దగ్గాను.

"తడి ఆరలేదు. మళ్లీ ఆరబెట్టి తీసుకురండి," అంది ఆవిడ మొహమాటంగా. వాళ్లు సణుక్కుంటూ సంచి మోసుకుపోయారు. మధ్యాహ్నానికి నా ముక్కు పూర్తిగా మూసుకుపోయింది. షెడ్డు మొత్తానికి ముక్కు పెట్టి కాపలా కాయాల్సిన గుమ్మంలో ముక్కుల్లేని ఇద్దరం మిగిలాం.

నాలుగో సంచి వచ్చింది. అత్తయ్య చెయ్యి పెట్టింది, పిడికెడు తీసింది, ఒక ముక్క విరిచింది. అలవాటుగా ముక్కు దగ్గరికి తీసుకెళ్తున్న చెయ్యి సగంలో ఆగింది. ఇంకో ముక్క తీసి విరిచింది. మూడోది చెవి దగ్గర పెట్టుకుని విరిచింది. తర్వాత రెండు ముక్కలు కొంగు చివర మూట కట్టుకుని, "దీన్ని రేపు చూస్తా," అని సంచి పక్కన పెట్టించింది.

దారిలో అడిగింది. "నీకు వినబడిందా?"

"నాకు నా దగ్గే వినబడింది అత్తయ్యా."

ఇంటికి వెళ్లగానే కొంగు విప్పి ఆ ముక్కలు మా ఆయన చేతిలో పెట్టింది. ఆయన పడవ ఇంజిన్లు బాగుచేస్తాడు. చేతులు కడుక్కోకుండానే వాసన చూసి, "వట్టి బురద వాసన. దొంగవస కదా ఇది? నన్నడుగుతావేంటమ్మా?" అన్నాడు.

"నా ముక్కు పోయింది కాబట్టి."

ఆయన నోరు తెరిచాడు. "అరవకు, కూర్చో," అని అత్తయ్య అంతా చెప్పింది, నా ముక్కు సంగతీ, దగ్గు సంగతీ కూడా. మా ఆయన నా మీద కోప్పడతాడనుకున్నాను. ఆయన మాత్రం ముక్కల్ని అటూ ఇటూ తిప్పుతూ ఆలోచనలో పడ్డాడు.

"మరి వాసన తెలీకుండా దీన్ని ఎలా పట్టుకున్నావు?"

"చప్పుడు తేడాగా ఉంది. వస టప్పున విరుగుతుంది, ఎండు రొట్టెలాగా. ఇది కాస్త వంగి, బిగదీసి, అప్పుడు విరిగింది. చేతికి కూడా బరువుగా ఉంది."

"మూత తియ్యకముందే ఇంజిన్ చప్పుడు విని జబ్బేంటో నేను చెప్పనూ? అలాగే ఇదీ," అన్నాడు మా ఆయన. "వాసన చూసే ముందు రోజూ నువ్వు విరుస్తూనే ఉన్నావు కదమ్మా, ముప్ఫై ఎనిమిదేళ్లుగా. నీ చేతికీ, చెవికీ ఎప్పుడో తెలుసు. నీ ముక్కు ముందు పాపం వాటి మాట సాగలేదంతే."

అత్తయ్య తన చేతుల వైపు చూసుకుంది. ఎవరివో కొత్త చేతులు అన్నట్టు చాలాసేపు చూసుకుంది.

మర్నాటి నుంచి మా వంటగది బడి అయింది. మా ఆయన ఏటి నుంచి రెండు రకాలూ తెచ్చి ఆరబెట్టి, ఇరవై ముక్కలు కలిపి పళ్లెంలో పెట్టేవాడు. అత్తయ్య కళ్లు మూసుకుని విరిచి, మంచివి కుడిపక్క, చెడ్డవి ఎడమపక్క వేసేది. మొదటి రోజు ఇరవైలో పద్నాలుగు సరిగ్గా వచ్చాయి. ఆవిడ పళ్లెం విసిరి కొట్టింది. మూడో రోజు పదిహేడు. వారం తిరిగేసరికి ఇరవైకి ఇరవై. ఆ పైన మా ఆయన ఎన్నిసార్లు ఎలా కలిపినా, తడి ముక్కలూ పాత ముక్కలూ దొంగచాటుగా కలిపినా ఒక్కటి తప్పలేదు. షెడ్డులో మాత్రం ఆ వారమంతా ఏ సంచికీ, తర్వాత అనుమానం ఉన్న సంచికీ ఆవిడ వెంటనే ముడి వేసేది కాదు, ఒక ముక్క ఇంటికి తెచ్చి మా ముక్కులకు చూపించాకే వేసేది.

నాకూ నేర్పింది. నాకు ఇరవైలో తొమ్మిది వచ్చాయి.

"నువ్వు విరుస్తూ మాట్లాడుతున్నావే! నోరు మూస్తే చెవి తెరుచుకుంటుంది."

"రెండూ ఒకేసారి తెరిచి ఉంచలేనా?"

"దేవుడు అందరికీ తలుపులు పెడితే నీకు గుమ్మాలే పెట్టాడు," అంది. అయినా నేర్పడం మానలేదు. నేనూ పట్టు వదల్లేదు. పదిహేను, పదహారు దాకా వచ్చాను.

అంతా సవ్యంగా నడుస్తుంటే చెడగొట్టింది నేనే. షెడ్డులో తూకం దగ్గర కూర్చునే ఆవిడ ఉండేది. అందరం కాటా అక్క అనేవాళ్లం. చెడ్డ మనిషి కాదు, తన ముక్కు మీద తనకు కాస్త నమ్మకం ఎక్కువ. ఒక మధ్యాహ్నం అన్నాల దగ్గర, అత్తయ్య చెయ్యి కడుక్కోవడానికి వెళ్లినప్పుడు, "మీ అత్త ముక్కు మెత్తబడింది. ఆ రోజు మూడు మంచి సంచులు తిప్పి పంపింది. వయసైపోతే లేవాలి కదా స్టూలు మీంచి," అంది.

నాకు ఒళ్లు మండింది. "ముక్కు లేకపోయినా మా అత్తయ్య మీ అందరికంటే నయం!" అన్నాను.

"లేకపోయినా?" అంది కాటా అక్క.

చుట్టూ పన్నెండు మంది ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఆగిపోయారు. నేను తేలు కుట్టిన దొంగలా డబ్బా మూత బిగించుకున్నాను. సాయంత్రానికి ఆ మాట గొడుగాయన చెవిన పడింది.

ఆ రాకాసి మాట నాతోనే ఇంటికి వచ్చింది. దాచుకోవడం నా వల్ల కాదు. గుమ్మంలో చెప్పులు విప్పకముందే అత్తయ్యతో చెప్పేశాను. ఆవిడ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. మూడు రోజులు షెడ్డుకు వెళ్లలేదు, నాతో మాట్లాడలేదు. ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప ఇంకోటి లేదు. నాలుగో రోజు వాన మొదలైంది. కిటికీ దగ్గర నిలబడి వాన చూస్తూ, "కాటా దానితో సరిగ్గా ఏమన్నావు?" అని అడిగింది.

"ముక్కు లేకపోయినా మా అత్తయ్య మీ అందరికంటే నయం అన్నాను."

ఆవిడ కిటికీ రెక్క దగ్గరికి లాగింది. "రెండో సగం బానే ఉంది," అంది తర్వాత, నా వైపు తిరక్కుండానే.

వాన ఎనిమిది రోజులు కురిసింది. కంపెనీ లారీ రాలేకపోయింది. అప్పటికే ఎర్ర ముడులు పడ్డ సంచులు గోడ వారన ఉన్నాయి. వాన మొదలయ్యే ముందు రోజు ఏటి ఎగువ నుంచి కొత్త మనుషులు పడవలో ఇంకో నలభై సంచులు తెచ్చారు. అత్తయ్యకు కబురు పెట్టకుండా, చోటు లేక వాటినీ ఎర్ర ముడుల మధ్యనే ఇరికించి పైన పట్టా కప్పారు. వాన వెలిసిన రోజు గొడుగాయన ఆ నలభైనీ కాటా అక్క చేత వాసన చూపించి, నీలం దారంతో మూతులు కట్టించాడు. మాకు మాత్రం, "కంపెనీ మేడమ్ వస్తోంది, పెద్దమ్మను ఒకసారి రమ్మనండి," అని కబురొచ్చింది.

వెళ్లేసరికి షెడ్డు నిండా జనం. తవ్వేవాళ్లు, కడిగేవాళ్లు, ఆ ముగ్గురన్నదమ్ములు, అందరూ ఉన్నారు. కంపెనీ మేడమ్ నేను అనుకున్నంత పెద్దావిడ కాదు, ముప్ఫై ఏళ్లుంటాయేమో. చేతిలో నోటుపుస్తకం, మెడలో తాడుకు వేలాడే భూతద్దం. బల్ల మీద మూతలు పెట్టిన మూడు చిన్న డబ్బాలు పెట్టి ఉన్నాయి. అత్తయ్య స్టూలు గుమ్మం పక్క లేదు.

గొడుగాయన గొడుగు ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకున్నాడు. "పెద్దమ్మా, ఏమీ అనుకోకండి. ఏవేవో మాటలు వినబడుతున్నాయి. ఈ మూడు డబ్బాల్లో ఏముందో వాసన చూసి చెప్పేస్తే ఆ మాటలు ఇక్కడితో ఆగిపోతాయి."

నేను చూసి రహస్యంగా చెప్పే దారి ఉందా అని ముందుకు జరిగాను. అత్తయ్య నా చెయ్యి పట్టుకుని ఆపేసింది.

"డబ్బాలు అక్కర్లేదు బాబూ," అంది. "నా ముక్కు పోయింది. చలికాలంలోనే పోయింది."

మేడమ్ గోడ వారనున్న సంచుల వైపు తిరిగింది.

"అయితే ఈ సీజన్లో ఈ ఎర్ర ముడులన్నీ?" అని మేడమ్ అడిగింది. గొంతులో కోపం లేదు, భయం ఉంది.

"మొదటి పన్నెండు రోజులు మా కోడలి ముక్కుతో వేశా. తర్వాత నా చేత్తో, నా చెవితో వేశా. చెప్పకుండా వెయ్యడం తప్పే, దానికి ఏమన్నా పడతా. ముడులు మాత్రం తప్పు కాదు. కావాలంటే అన్నీ విప్పి చూసుకోండి."

గొడుగాయన ఏదో అనబోయాడు. అత్తయ్య అప్పటికే గోడ వైపు నడుస్తోంది. నీలం ముడుల సంచుల పక్కన ఆగి, ఒక్కోదాని మెడ పట్టుకుని కాస్త పైకి లేపి వదిలేస్తూ వెళ్లింది. ఒకటి, రెండు, మూడు. నాలుగోదాన్ని లేపి దించి, మళ్లీ లేపింది. ముడి విప్పి మోచేతి దాకా చెయ్యి పెట్టి, ఒక ముక్క తీసి చెవి దగ్గర విరిచింది.

"ఈ సంచి కొనకండి," అంది.

మేడమ్ ఆ ముక్క తీసుకుని వాసన చూసింది. మళ్లీ చూసింది. గొడుగాయనకు అందించింది, ఆయన కాటా అక్కకు అందించాడు. ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"అమ్మా, ఇది వస వాసనే," అంది మేడమ్, నొప్పించకూడదన్నట్టు మెల్లగా.

"ఎనిమిది రోజులు వస సంచుల మధ్య పడుకుంటే నా చెప్పులు కూడా వస వాసనే వస్తాయి. మీ దగ్గర భూతద్దం ఉంది కదా, లోపల చూడండి."

మేడమ్ చిన్న చాకు తీసి ఆ ముక్కను పలచగా కోసి, గుమ్మం వెలుగులో భూతద్దం పెట్టి చూసింది. ఎర్ర ముడి సంచిలోంచి ఒక ముక్క అడిగి తీసుకుని దాన్నీ కోసి చూసింది. ఎర్ర ముడి ముక్కలో స్పాంజిలాగా సన్నటి బొక్కలున్నాయి, నీలం ముడి ముక్కలో లేవు. మొత్తం గట్టిగా, చెక్కలా మూసుకుపోయి ఉంది. లోపలి కోతను వాసన చూసి, ముఖం చిట్లించింది. చాకు మడిచి జేబులో పెట్టుకుని నలభై సంచుల వైపు చూసింది.

"ఇలాంటివి ఎన్ని ఉన్నాయి?"

"కూర్చోనిస్తే చెప్తా," అంది అత్తయ్య.

లోపలి గది నుంచి స్టూలు తెచ్చింది ఎవరనుకున్నారు? కాటా అక్క. తన కొంగుతో తుడిచి మరీ వేసింది.

నేను ఎప్పటిలా పక్కన నేల మీద కూర్చున్నాను. ఒక్కో సంచీ వస్తోంది, అత్తయ్య విరుస్తోంది. ఎంతమంది ఉన్నారు, ఒక్కరు నోరు మెదిపితే ఒట్టు. టప్. టప్. టప్. మంచిదైతే నీలం దారం తీసి ఎర్రది కట్టేది. చెడ్డదైతే తల ఊపేది, ముగ్గురన్నదమ్ములు దాన్ని బయటికి ఈడ్చేసేవారు. ప్రతిసారీ మేడమ్ కోసి చూసేది, ప్రతిసారీ పుస్తకంలో టిక్కు పెట్టేది. ఇరవై తొమ్మిదో సంచి దగ్గర అత్తయ్య విరిచిన ముక్కలు నా ఒళ్లో పడేసి ముడికి దారం తీసుకుంది. నేను ఊరికే ఉండలేక వాటిలో విరవకుండా మిగిలిన ఒకదాన్ని విరిచాను. అది వంగింది, బిగిసింది, అప్పుడు విరిగింది.

నేను దగ్గాను.

అత్తయ్య చెయ్యి ఆగింది. "జలుబా?"

"కాదు అత్తయ్యా. వినండి."

నా చేతిలోని సగం ముక్క తీసుకుని మళ్లీ విరిచింది. సంచిలో ఇంకా లోపలికి చెయ్యి పెట్టి ఇంకో నాలుగు తీసి విరిచింది. నాలుగింట్లో రెండు తప్పు. పైకీ కిందికీ మంచివి పడి, మధ్యలో దొంగవస కలిసిపోయిందా సంచిలో. ఆవిడ దారం కిందపెట్టి, "ఇది కూడా పంపేయండి. నా కోడలు పట్టుకుంది," అంది. నా కోడలు అంది! వసపిట్ట అనలేదు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చి, ముక్కు చీదుకోవాల్సి వచ్చింది.

మొత్తం పదకొండు సంచులు. ఎగువ నుంచి వచ్చిన కొత్తవాళ్లు తెల్లబోయారు పాపం, పువ్వు లేని రోజుల్లో తవ్వి పొరబడ్డారు, అంతే. ఎర్ర ముడుల్లో మేడమ్ తనకు తోచిన ఆరు ఏరి విప్పి చూసింది. ఒక్కటి తప్పు లేదు. ఆవిడ నోటుపుస్తకం మూసి, అందరి ముందూ అత్తయ్యకు చేతులు జోడించింది. "ఈ పదకొండూ మా ఫ్యాక్టరీకి వచ్చుంటే..." అని ఆపేసింది.

"రాలేదుగా," అంది అత్తయ్య.

అప్పుడెవరు మొదలుపెట్టారో తెలియదు, చప్పట్లు. రేకుల షెడ్డులో చప్పట్లు కొడితే ఎంత మోత వస్తుందో ఆ రోజే తెలిసింది. ముగ్గురన్నదమ్ముల్లో పెద్దవాడు ఈలలు కూడా వేశాడు. గొడుగాయన చంకలోని గొడుగు కింద పడితే తీసుకోవడం మర్చిపోయి చప్పట్లు కొట్టాడు. నేను అరచేతులు మండేదాకా కొట్టాను. ఆవిడ స్టూలు మీద నిటారుగా కూర్చుని, ఎవరి వైపూ చూడకుండా, మిగిలిన దారం ఉండ చుట్టుకుంటూనే ఉంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

మరుసటి వారం నుంచి షెడ్డులో కొత్త పద్ధతి వచ్చింది. కంపెనీ అడిగింది, మా అత్తయ్య ఒప్పుకుంది. ఇక ముందు ముక్కు ఒక్కదాన్నే నమ్మకూడదని, షెడ్డులో వాళ్లందరికీ చేత్తో, చెవితో పోల్చడం నేర్పాలని. ముక్కు అడ్డు రాకుండా ఉండాలంటే ఏం చెయ్యాలో ఆవిడే కనిపెట్టింది. ఇంటి నుంచి బట్టలకు పెట్టే క్లిప్పులు డజను తెచ్చి తలా ఒకటి పంచింది. పన్నెండు మంది ఆడవాళ్లు వరసగా గచ్చు మీద కూర్చుని, ముక్కులకు క్లిప్పులు పెట్టుకుని, వసకొమ్ములు చెవుల దగ్గర పెట్టుకుని విరుస్తుంటే చూడాలి! ముందు వరసలో కాటా అక్క. అందరికంటే ముందు ఇరవైకి ఇరవై తెచ్చుకున్నది తనే. నేను రెండోదాన్ని. ఎర్ర ముడి ఎలా వెయ్యాలో మాత్రం అత్తయ్య ఎవరికీ చూపించలేదు. నాకు, అదీ మా ఇంట్లో, తలుపు వేసి చూపించింది.

సీజన్ ఆఖరి లారీ వెళ్లిన సాయంత్రం నేను వంటగదిలో పాలు పొయ్యి మీద పెట్టి, మా ఆయనకు ఆ రోజు జరిగినవన్నీ చెప్తున్నాను. ఆయన గుమ్మానికి ఆనుకుని వింటున్నాడు, వింటున్నట్టు నటిస్తున్నాడో ఏమో. క్లిప్పులతో కాటా అక్క మాట ఎలా మారిపోతుందో నేను అనుకరించి చూపిస్తున్నాను. అత్తయ్య ముందు గదిలో, మధ్యలో ఒక గోడా తలుపూ దాటి, తన శాలువాను వసకొమ్ము వేసిన పెట్టెలో మడత పెట్టుకుంటోంది.

"వసపిట్టా!" అని అక్కడి నుంచే అరిచింది. "పాలు పొంగుతున్నాయి!"

తిరిగి చూస్తే నురగ గిన్నె అంచుకు వేలెడు దూరంలో ఉంది. చటుక్కున దించేశాను. మా ఆయనా నేనూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. నేను పరుగున ముందు గదిలోకి వెళ్లాను.

"అత్తయ్యా, వాసన వచ్చిందా? ముక్కు వచ్చేసిందా?"

"ముక్కేంటే," అంది ఆవిడ పెట్టె మూత వేస్తూ. "బుసబుస మోత ఆగి, గరగర మొదలైంది. నీ మాటల్లోంచి కూడా వినబడింది."